డప్పులు కాగేదాకా

15 సెప్టెంబర్ 2011, గురువారం, డోర్నకల్

ఈ రోజు నుంచి నా పేరు పాలపిట్ట. ఎస్తేరు అనే పేరు తెలంగాణ ఉద్యమంలో నడవదట.

చెప్పింది బలరాం అన్న. మహబూబాబాద్‌లో ఆయన తన ధూంధాం బృందానికి పాడేవాళ్ళను ఎంచుకుంటున్నాడంటే, బి.ఎస్సీ. సర్టిఫికెట్టునూ కీబోర్డునూ రెండు చేతులా మోసుకుపోయాను. సర్టిఫికెట్టు ఎవరూ చూడలేదు. కీబోర్డును మాత్రం అందరూ చూశారు, పిలవని చుట్టం పెళ్ళి పందిట్లోకి వచ్చినట్టు.

"గిదేంది?" అన్నాడు బలరాం అన్న.

"కీబోర్డు అన్నా. పియానో లెక్కనే ఉంటది. పదేండ్ల సంది చర్చిల పియానో నేనే వాయిస్త."

"గిది సినిమావాళ్ళ పెట్టె. మనకు డప్పు, గజ్జె, గొంగడి. నీ గొంతు మంచిగున్నది. గొంతు తీస్కరా, పెట్టె ఇంట్ల పెట్టు."

"నా పాటలు నేనే రాసుకుంట అన్నా. బాణీలు కూడ నేనే..."

"అందరు రాస్తరు. నువ్వు కోరస్."

డప్పు కొట్టే జాల్యా ఒక మెట్టు నొక్కి, ఉలిక్కిపడి చెయ్యి తీశాడు. "లోపట ఎవలన్న ఉన్నరా పెట్టె చెల్లె?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కోరస్ కదా.

ఇంటికి వస్తే అమ్మ షరతు. అమ్మ మరియమ్మకు నోటి మాట మీద నమ్మకం లేదు, అచ్చులో ఉంటేనే నిజం. "క్రిస్మస్ లోపట నీ పేరు అచ్చుల చూపెట్టు. పాట కట్టింది ఎస్తేరు అని. చూపెడితే హైదరాబాదు పో, సంగీతం నేర్సుకో, నేను అడ్డం రాను. లేకపోతే జనవరిల బడికి పో." ఇక్కడి ప్రైవేటు బడిలో పంతులమ్మ ఉద్యోగం నాకోసం నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. నాయిన రైలు పట్టాలు చూసుకునే కొలువు చేస్తాడు. ఇంట్లో గొడవ జరిగినా పట్టాలనే చూస్తున్నట్టు నేల చూస్తాడు. ఈ రోజూ అంతే.

18 సెప్టెంబర్, ఆదివారం

పాట వచ్చింది!

చర్చి అయిపోయింది, అందరూ వెళ్ళిపోయారు, పియానో మూత వేయబోతుంటే వచ్చింది. పాట ఎక్కడి నుంచి వస్తుందో తెలియదని పెద్ద కళాకారులు టీవీలో అంటుంటే వెటకారంగా నవ్వేదాన్ని. నిజంగానే తెలియదు. నాలుగు వరుసలు. రెండు వరుసలు పైకి పోతుంది, మూడో వరుసలో మెల్లగా దిగి, నేలను తాకినట్టు ఆగుతుంది. నా వేళ్ళకు అలవాటు లేని నడక. కాబట్టి కచ్చితంగా కొత్తది. పదేళ్ళుగా వాయించిన కీర్తనల్లో ఇలాంటిది లేదు. అనుమానం ఎందుకని కీర్తనల పుస్తకం తిరగేసి చూశాను కూడా. సగం దాకా.

మాటలు ఇంటికి నడుస్తూ కట్టాను.

కాళ్ళ కింద నేల నాది
కాగితంల పేరు నీది...

19 సెప్టెంబర్

నాదే.

24 సెప్టెంబర్, శనివారం, భూపాలపల్లి

బస్సులు సమ్మెలో ఉన్నాయి. రైళ్ళు ఆపేశారు. డీసీఎం వ్యాన్ వెనక పద్నాలుగు మందిమి, ఏడు డప్పులు, ఒక మేకతో వచ్చాం. మేక డ్రైవర్‌ది, ఉద్యమంతో సంబంధం లేదు. కీబోర్డును గొంగడిలో చుట్టి దాచి తెచ్చాను. గొంగడికి దొరికిన మొదటి ఉపయోగం.

బొగ్గుబాయి కార్మికులకు సమ్మె పన్నెండో రోజు. మైదానం నిండా జనం. సరిగ్గా మేం వేదిక ఎక్కే వేళకు వాన పడింది, పది నిమిషాలు. జనం కదల్లేదు కానీ డప్పులు తడిశాయి. తడిసిన డప్పు కొడితే ముసలాయన దగ్గినట్టుంటుంది. మంట మీద కాచుకుంటే తప్ప పలకదు. మంటకు గడ్డి కావాలి, గడ్డి కూడా తడిసింది. జాల్యా, మిగతావాళ్ళు వేదిక వెనక పొగలో కూర్చుని ఊదుతున్నారు. బలరాం అన్న ఉపన్యాసం ఒకసారి చెప్పాడు, రెండోసారి చెప్పాడు. మూడోసారి మొదలుపెడితే కార్మికులు సమ్మె విరమించి బాయిలోకి దిగిపోయేవారు.

నా దగ్గరకు వచ్చి పళ్ళ సందుల్లోంచి అన్నాడు. "ఏయ్ పాలపిట్టా, పెట్టె తెచ్చినవని నాకు తెల్వదనుకున్నవా? డప్పులు కాగేదాకా ఏదన్న వాయించు. కాగినంక బంద్."

డప్పు లేదు కాబట్టి మెల్లగా ఎత్తుకున్నాను. బ్యాటరీల మీద, ఒక్కదాన్నే. నా పాట.

రెండో చరణం పాడుతుంటే, జనంలో చివరి వరుసల్లో ఒకాయన టోపీ తీశాడు. పక్కాయన లేచి నిలబడ్డాడు. తర్వాత పది మంది, ఇరవై మంది. తలలు వంచుకుని నిలబడ్డారు. బాణీ కిందికి దిగే చోటికి వచ్చేసరికి వాళ్ళంతా ఒకేసారి వంగి, పిడికెడు మన్ను తీసుకున్నారు. తడి మన్ను. ఎవరూ చెప్పలేదు. వాళ్ళను చూసి ముందువాళ్ళు లేచారు, వాళ్ళను చూసి ఆడవాళ్ళు లేచారు. మైదానమంతా లేచింది. మైదానమంతా వంగింది.

బలరాం అన్న గొప్పతనమంతా ఇక్కడే ఉంది: ఏది జరిగినా తనే చేయించినట్టు నిలబడగలడు. మైకు లాక్కున్నాడు. "అన్నలారా! అక్కలారా! పిడికిట్ల మన్ను పట్టుకున్నరు! గీ మన్ను మీద ఒట్టు!"

"ఒట్టు!" అంది మైదానం.

కాగిన డప్పుతో, ఎర్రటి కళ్ళతో జాల్యా పరుగెత్తుకొచ్చాడు. ఎవరూ అతన్ని పట్టించుకోలేదు. "మేం పొగ మింగి సచ్చినం. నువ్వు ఒక్కదానివే ఊరును లేపినవానే?"

దిగుతుంటే మొదట టోపీ తీసిన ముసలాయన వచ్చాడు. "బిడ్డా, మీది డోర్నకల్ దిక్కా?"

"ఔ తాతా. ఎట్ల తెల్సింది?"

"తెల్వకేంది! మా తమ్మున్ని మన్నుల పెట్టిన దినం యాదికచ్చింది." కళ్ళు తుడుచుకున్నాడు. మన్ను ఉన్న చెయ్యి కాదు, రెండోది.

కళ అంటే ఇదే. వినేవాడి సొంత దుఃఖాన్ని తట్టి లేపడం. ఈ వాక్యం ముందుముందు ఇంటర్వ్యూలకు పనికొస్తుంది.

25 సెప్టెంబర్

మన్ను తీసుకోవడం ఎక్కడో చూసినట్టుంది. పల్లెల్లో మన్నంటే ప్రేమ ఎక్కువ. అంతే.

2 అక్టోబర్, ఆదివారం, మహబూబాబాద్

దీనికి 'మన్ను పాట' అని పేరు పడింది. వారంలో ఐదు సభలు. జనం ముందే నేర్చుకుని వస్తున్నారు, ఎక్కడ లేవాలో ఎక్కడ వంగాలో వాళ్ళే నాకు చెబుతున్నారు.

ఈ రోజు సభ కాలేజీ హాల్లో. కింద నున్నటి గచ్చు. వంగితే మన్ను రాదు, దుమ్ము కూడా రాదు. కార్యకర్తలు రెండు బస్తాల మన్ను తెప్పించి, టిఫిన్ తినే కాగితం ప్లేట్లలో పెట్టి ప్రసాదంలా పంచారు. నల్ల మన్ను. టీవీ వాళ్ళకు బురదలా కనబడుతుందని బలరాం అన్నకు కోపం వచ్చింది, ఎర్ర మన్ను కోసం ఆటో పంపాడు. అది వచ్చేదాకా తెలంగాణ ఆగింది. వేదిక మీద తెల్లచొక్కా నాయకుడొకాయన తన వంతు మన్నును చేతిరుమాలులో పట్టుకుని, "గిండ్ల ఎరువేమన్న కలిసిందా?" అని నన్నడిగాడు.

కీబోర్డు ఇప్పుడు వేదిక మధ్యలో. బలరాం అన్న దాని మీద చెయ్యేసి ప్రకటించాడు: "గిది మన తెలంగాణ పెట్టె!"

అసలు సంగతి: సీడీ చేస్తున్నారు. జనగామలో ఫోటో స్టూడియో నడిపే వేణు రికార్డు చేస్తాడట. రచన, బాణీ, గానం, మూడూ నా పేరు మీదే. డిసెంబర్‌లో అచ్చు. క్రిస్మస్ లోపల!

అమ్మకు చెప్పాను. "అచ్చయినంక చెప్పు" అంది. పాట వినమంటే వినదు. ధూంధాంకు రమ్మంటే రాదు.

నాయిన మొన్న పొద్దున సైకిల్ దించుతూ ఒక్క మాట అడిగాడు. "ఆ బాణీ నువ్వే కట్టినవా బిడ్డా?"

"నేనే నాయినా."

"మంచిది" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని డ్యూటీకి పోయాడు. సమ్మె ఉన్నా లేకున్నా పట్టాలు చూడాలి కదా.

9 అక్టోబర్

హైదరాబాద్‌లో హాస్టళ్ళ గురించి అడిగాను. కిటికీ ఉన్న గది ఖరీదు ఎక్కువ. కిటికీ లేకుండా ఎవరు పాటలు కడతారు?

16 అక్టోబర్, ఆదివారం, డోర్నకల్

పొట్టిగా రాస్తాను.

మా వీధి చివర ఉండే రాహేలు అవ్వ నిన్న చనిపోయింది. తొంభై ఏళ్ళు, బాధ లేని చావు. సాయంత్రం సమాధుల తోటలో భూస్థాపన. పెట్టెను గుంటలోకి దించారు. చర్చి అయ్యగారు ప్రార్థన ముగించి కీర్తన ఎత్తుకున్నారు.

నా పాట.

నా పాట కాదు. ప్రతి భూస్థాపనకూ మా వాళ్ళు పాడేదే. పైకి రెండు వరుసలు, మూడో వరుసలో కిందికి. మగవాళ్ళు టోపీలు తీశారు. మూడో వరుసకు అందరూ వంగి పిడికెడు మన్ను తీసుకున్నారు, గుంటలో వేయడానికి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. పిడికెడు మన్ను నేనూ ఎన్నిసార్లు వేశానో. పియానో సమాధుల తోటకు రాదు, అందుకని నా వేళ్ళకు ఈ బాణీ తెలియదు. చెవులకు తెలుసు. చెవుల్ని నేను అడగలేదు.

భూపాలపల్లిలో మొదట లేచింది మా చర్చివాళ్ళు. నాకోసం కాదు, వాళ్ళ చచ్చిపోయినవాళ్ళ కోసం.

ఇంతటితో అయిపోతే బాగుండేది. వెనక కుర్రాళ్ళ గుంపు ఒకటి, ఈ నెలంతా నా పాటకు లేచి వంగి అలవాటైన గుంపు, అయ్యగారి మాటలు వదిలేసి నా మాటలు అందుకుంది. అవ్వ గుంట మీద "కాగితంల పేరు నీది." ఒకడు పూనకంలో మన్ను పిడికిలి పైకెత్తి "జై తెలంగాణ!" అన్నాడు. పది మంది "జై!" అన్నారు.

అయ్యగారు ఒక క్షణం కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుని, "ఆమెన్" అన్నారు.

అమ్మ నా వైపు తిరిగి చూసింది.

దారిలో నాయిన పక్కన నడిచాను. "నీకు ముందే తెల్సా?"

"మొదటి దినమే తెల్సింది. ఇంట్ల నువ్వు కూనిరాగం తీసినప్పుడే."

"మరెందుకు చెప్పలే?"

"గంత మురిసినవు. ఏ నోటితోని చెప్పాలె?"

21 అక్టోబర్

లోకంలో ఉన్నవే ఏడు స్వరాలు. ఎవరిదైనా ఎవరిదో ఒకరిది అవుతుంది.

22 అక్టోబర్

పై వాక్యం చాలా తెలివైనది. రోజంతా దాంతో గడిపాను. అన్నం సహించలేదు.

5 నవంబర్, శనివారం, జనగామ

సమ్మె అయిపోయింది, బస్సులు తిరుగుతున్నాయి. బస్టాండులో దిగగానే బలరాం అన్నను పక్కకు పిలిచి అంతా చెప్పేశాను. ఉరుముతాడనుకున్నాను. ఆయన మిర్చి బజ్జీ కొరుకుతూ విన్నాడు.

"అయితేంది?"

"అది నా బాణీ కాదన్నా. సావు పాట."

"నా పాటలు పన్నెండున్నయి. నాలుగు మా అవ్వ నాట్లల్ల పాడినయి. మూడు బతుకమ్మయి. ఇగ మిగిలినయి ఏడికెల్లి అచ్చినయో నాకే తెల్వది. గిండ్ల ఎవడు కొత్త బాణీ కట్టిండే?"

"తెల్సినోళ్ళు ఏమనుకుంటరు?"

"భూపాలపల్లోళ్ళు తెల్సి లేచిండ్రు. మిగతోళ్ళు తెల్వక లేచిండ్రు. లేచిండ్రా, లేదా?"

నాలుగేళ్ళు బి.ఎస్సీ. చదివినా (ఒక ఏడు తప్పాను, ఇక్కడ దాచడమెందుకు) ఈ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు.

"దేవుని పాటని బయట అన్నవనుకో, రేపు నా మీదికే లొల్లికస్తరు. మూస్కొని పాడు" అని మూతి తుడుచుకున్నాడు.

స్టూడియో అంటే ఫోటోలు కడిగే గది వెనక ఇంకో గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి, శబ్దం బయటకు పోకుండా. పాడాను. బాగానే పాడాను. జాల్యా డప్పు కూడా బాగా పలికింది, వాన లేదు.

తర్వాత వేణు కాగితం, కలం తీశాడు. "అక్కా, అట్ట మీదికి పేర్లు చెప్పు. రచన?"

"ఎస్తేరు. పాలపిట్ట కాదు, ఎస్తేరు అని రాయి."

"బాణీ?"

అమ్మ గుర్తొచ్చింది. క్రిస్మస్ గుర్తొచ్చింది. కిటికీ ఉన్న గది గుర్తొచ్చింది. 'ఎస్తేరు' అంటే సరిపోయేది. కలం కూడా ఆ పేరు మీదే ఆగి ఉంది, కింద గీత గీస్తే చాలు. కానీ కళ్ళు తుడుచుకున్న ఆ ముసలాయన చెయ్యి అడ్డం వచ్చింది. అతని తమ్ముడి మన్ను అది. దాని మీద నా పేరు రాయడమంటే...

"పాతది" అన్నాను. "పాత భూస్థాపన కీర్తన బాణీ అని రాయి."

"గంత జాగా లేదక్కా. అట్ట చిన్నది."

"పాతది అని రాయి చాలు."

జాల్యా డప్పు సంచిలో పెట్టుకుంటూ నన్నే చూశాడు. "పిచ్చి పట్టిందా పెట్టె చెల్లె? వచ్చిన పేరును ఎవలన్న ఇడిసిపెడ్తరా?"

తిరుగు బస్సులో కొడకండ్ల వైపు పోయే ముసలమ్మ నా భుజం మీద నిద్రపోయింది. నేను చాలా గొప్ప పని చేశానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇంటికి చేరేసరికి నమ్మకం సగానికి దిగింది.

18 డిసెంబర్, ఆదివారం

సీడీ వచ్చింది. అట్ట మీద బలరాం అన్న, పిడికిట్లో ఎర్ర మన్ను. కింద:

రచన: పాలపిట్ట
బాణీ: ధూంధాం బలరాం

ఫోన్ చేశాను.

"నీది కాదన్నవు గదనే" అన్నాడు, నొచ్చుకున్నట్టు. "ఎవలది కాని దానికి బృందమే దిక్కు. బృందంల పెద్దోన్ని నేను."

"ఎస్తేరు అని రాయించిన గదన్నా!"

"పాలపిట్టంటే పది జిల్లాలు గుర్తుపడ్తయి. ఎస్తేరంటే మీ అమ్మ ఒక్కతే గుర్తుపడ్తది."

నాకు కావలసింది ఆమె ఒక్కతేనని చెప్పేలోపు పెట్టేశాడు.

అమ్మ అట్టను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చదివింది. "గీ పాలపిట్ట ఎవలు?"

"నేనే."

"బాప్తిస్మంల గీ పేరు పెట్టినట్టు యాదికి లేదు." అట్టను వెనక్కి తిప్పి, "బాణీ కాడ నీ పేరే అడిగిండ్రట గద. వద్దన్నవట. జాల్యా మీ నాయినకు రైలు స్టేషన్ల కలిసి చెప్పిండు" అంది.

"ఔ."

అమ్మ సీడీని దారంతో కట్టి పెరట్లో మిరప చెట్ల మధ్య వేలాడదీసింది, పక్షులు రాకుండా. బాగా పనిచేస్తోంది.

25 డిసెంబర్

క్రిస్మస్. గడువు ముగిసింది. అమ్మ పోట్లాడలేదు. కేకులో పెద్ద ముక్క నాకు పెట్టింది. అంతకంటే ఘోరం ఇంకోటి లేదు.

2 జనవరి 2012, సోమవారం

బడిలో చేరాను. రెండో తరగతి. నలభై రెండు మంది, అందరికీ జలుబు.

11 జనవరి

సాయంత్రాలు బాణీలు కట్టి అమ్మ మీద పరీక్షిస్తున్నాను. ఈ చుట్టుపక్కల పాడే ప్రతిదీ అమ్మకు తెలుసు. ఉల్లిపాయలు కోస్తూ వింటుంది, తల ఎత్తకుండా తీర్పు చెబుతుంది.

ఒకటోది: "గిది పెండ్లి కీర్తన. జర ఉరికిచ్చినవు."

రెండోది: "మీ నాయినమ్మ జోలపాట."

మూడోది: "రైలచ్చే ముందట స్టేషన్ల మోగుతది సూడు, గది."

నాలుగోది నిజంగా నాదే అనుకున్నాను.

"మల్ల గా మన్ను పాటేనా బిడ్డా?"

20 జనవరి

ఏడు. ఎనిమిది. రెండూ బతుకమ్మ పాటలు. నా తలలో నేను తప్ప అందరూ ఉన్నారు.

బలరాం అన్న కబురు పంపాడు, ఆదివారం జనగామ సభకు రమ్మని. మన్ను పాటకు ఇంకో పిల్లను పెట్టుకున్నాడట కానీ జనం సరిగా వంగడం లేదట. బడి ఉందని చెప్పించాను. బడి నిజంగానే ఉంది. ఆదివారం లేదు.

29 జనవరి, ఆదివారం

పదకొండోది. మూడు రోజులు కట్టాను. నడక కుంటుతుంది, మధ్యలో ఒక చోట కాలు ఎక్కడ వేయాలో తెలియక నిలబడిపోతుంది. సగంలోనే ఆపేద్దామనుకున్నాను. ఆపలేదు.

అమ్మ చేతిలో కత్తి ఆగింది.

"మల్ల వాయించు."

వాయించాను.

ఆమె కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, తనకు తెలిసిన పాటలన్నీ ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టి చూసుకుంది. పెళ్ళివి, చావువి, నాట్లవి, బతుకమ్మవి. చాలాసేపు పట్టింది. నాయిన గుమ్మంలో చెప్పులు విప్పబోయి అలాగే నిలబడిపోయాడు.

"ఇనలే" అంది అమ్మ. "నేనెప్పుడు ఇనలే."

కీబోర్డు మీది నుంచి చేతులు తీశాను.

"బాగ కూడ లేదు" అంది.

నాయిన దగ్గినట్టు నవ్వాడు. అమ్మ మళ్ళీ ఉల్లిపాయ అందుకుంది. రెండు ముక్కలు కోసి, ఆపి, నా వైపు చూడకుండా అడిగింది.

"బాగ చేసుడు హైదరాబాద్ల నేర్పిస్తరా?"

నేర్పిస్తారని చెప్పాను. నాకు తెలియదు.